సామన్న ఉరుము డబ్బా

మొన్న మా కొట్లోకి కొత్త ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. తీగ గుచ్చి స్విచ్చి నొక్కగానే 'పీప్' అని సన్నగా కూసి సున్నా చూపించింది. పాత కాటా కూడా రోజూ పొద్దున్నే అలాగే కూసేది కనక కొట్లో ఎవరూ తల ఎత్తలేదు. నేను మాత్రం చేతిలో ఉన్న చెంబు కింద పెట్టి, “ఇది పాతదానికంటే అర మెట్టు కిందుండాది కదప్పా” అన్నాను. కాటా తెచ్చినాయన కంగారుపడ్డాడు. “తూకంలో గ్రాము తేడా రాదు మేడం, ముద్ర కూడా వేయించినాము” అన్నాడు. తూకం గురించి కాదప్పా, కూత గురించి చెబుతాండానన్నాను. ధర తగ్గించడానికి ఇదేదో కొత్త ఎత్తు అనుకున్నట్టున్నాడు, నేను అడక్కముందే వంద తగ్గించాడు. వద్దనలేదు. శెట్టి కూతుర్ని, అంత పాపం చేయలేను.

ఆయన పోయాక స్విచ్చి ఆపి, మళ్ళీ వేసి, ఇంకోసారి విన్నాను. ఊపిరి లేని శబ్దం అది. పెన్సిలుతో గీత గీసినట్టు మొదలై, గీత తెగినట్టు ఆగిపోతుంది. అలాంటి శబ్దంలో కూడా మంచీ చెడ్డా ఉంటాయని నాకు నేర్పినవాడు ఎర్రిస్వామి. కళ్యాణదుర్గం బజారులో అందరికీ సామన్న. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునేంత మనిషి కాదు: పొట్టిగా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టరుతో, ఏది చెప్పినా కుడి చెవి ముందుకు పెట్టి వినేవాడు.

ఆయన గురించి చెప్పాలంటే ముందు మా కొట్టు గురించి చెప్పాలి. మాది స్టీలు సామాన్ల అంగడి. మా వ్యాపారంలో సగం మార్పిడి. పాత ఇత్తడి బిందె, సొట్టపోయిన కంచు చెంబు తెచ్చి కాటా మీద పెడతారు. మేము పెదవి విరుస్తాం, తూకం వేస్తాం, దానికి బదులు తళతళలాడే స్టీలు గిన్నె చేతిలో పెడతాం. పాతవన్నీ వారానికోసారి బండికెక్కి కరిగించే చోటికి పోతాయి. కొత్తది ఇంటికి చేరిందంటే పాతది ఇల్లు వదలాల్సిందే. ఇది నాకు పాలతో పాటు పట్టిన చదువు. ఇంకో చదువు బేరం. మా ఇంట్లో ఎవరూ ఏదీ బాగుందని అనేవాళ్ళు కాదు, అంటే ధర పెరుగుతుంది. అమ్మ చేసిన పులుసు అద్భుతంగా ఉన్న రోజున కూడా నాయన “పరవాలేదు” అనేవాడు. మేము అమ్మేది మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు. అలా ఏ మాటనైనా పెంచో తగ్గించో తప్ప, ఉన్నంతకు ఉన్నట్టు చెప్పడం ముప్ఫై ఏళ్ళు దగ్గరపడేదాకా నాకు అలవాటు కాలేదు.

మా గోడకు ఆనుకునే సామన్న రేడియోల రిపేరు అంగడి ఉండేది. అంతకుముందు ఆయన పదిహేనేళ్ళు మైకుసెట్టు నడిపాడు. కంబదూరు చుట్టుపక్కల ఏ ఊళ్ళో జాతర జరిగినా కొమ్ము స్పీకర్లు కట్టింది ఆయనే. వాటి కింద నిలబడి నిలబడి ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. తర్వాత మైకుసెట్టు అమ్మేసి రిపేర్లకు కూర్చున్నాడు. తొంభైల చివర్లో పిల్లలు టీవీకి తగిలించి ఆడుకునే గేము పెట్టెలు ఆయన దగ్గరికి రిపేరుకు వచ్చేవి. పెట్టె బాగుచేసి ఇచ్చేయకుండా ఒకటి రెండు రోజులు తన దగ్గరే పెట్టుకుని, బొమ్మ వైపు చూడకుండా దాని పాట వినేవాడు. ఒకరోజు గోడకు అవతల నుంచి ఆ కీచు పాట భరించలేక పోయి అడిగాను.

“ఏం సామన్నా, గేము ఆడను రాక పాట వింటాండావా?”

“రా పాపా, ఈడ కూచో. దీంట్లో ఎంతమంది పాడుతాండారో చెప్పు.”

విన్నాను. “ఇరవై మంది ఉంటారా?”

“నలుగురు. రెండు సన్న గొంతులు, ఒక లావు గొంతు, ఇంకొకటి ఊరికే ‘ఇస్స్’ అంటాది. అంతే. చిప్పు లోపల ఇంకెవురూ లేరు.” చేతిలో టెస్టరు తిప్పుతూ నవ్వాడు. “నాలుగు వానలు పడితే పంట తీసే జిల్లా కదప్పా మనది. నాలుగు గొంతులతో పాట తీయలేమా?”

అలా మొదలైంది. ఉన్న దుడ్లన్నీ పెట్టి ఒక అసెంబుల్డు కంప్యూటరు తెచ్చుకున్నాడు. బెంగుళూరు నుంచి నెలనెలా వచ్చే ఒక కంప్యూటరు పత్రికతో పాటు సీడీ ఇచ్చేవాళ్ళు. దాంట్లో ఉచితంగా దొరికింది ఆ సంగీతం సాఫ్ట్‌వేరు. స్క్రీను మీద చిన్న చిన్న డబ్బాలుంటాయి. ఒక డబ్బా శబ్దం పుట్టిస్తుంది, ఒకటి దాన్ని కోస్తుంది, ఒకటి ప్రతిధ్వని కలుపుతుంది. ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు మౌసుతో తీగ లాగాలి. చివరి తీగ స్పీకరుకు చేరితే పాట వినపడుతుంది. స్వరాలు మాత్రం సరుకుల చీటీ రాసినట్టు పైనుంచి కిందికి వరసగా రాయాలి. జీవితమంతా తీగలు అతికించిన మనిషికి ఇది చూడగానే అర్థమైపోయింది. అర్థం కానిది దాంతో వచ్చే ఇంగ్లీషు. నేను డిగ్రీ అయ్యి, అనంతపురంలో కంప్యూటరు డిప్లొమా చేసి, కొట్లో గిన్నెలు తుడుస్తూ కూర్చున్నాను. ఇంగ్లీషు చదివి పెడతాను, బదులుగా నన్నూ కంప్యూటరు ముట్టుకోనివ్వాలని బేరం పెట్టాను. సామన్న వెంటనే సరేనన్నాడు. ఇంకొంచెం గట్టిగా అడిగి ఉండాల్సింది అనుకున్నాను.

ఆ సాఫ్ట్‌వేరుకు మూడు నాలుగు నెలలకొకసారి కొత్త వెర్షను వచ్చేది. కొత్తది వచ్చిన రోజు సామన్న పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండేది. పాతదాన్ని ముట్టుకునేవాడు కాదు. కొత్తదానికి వేరే ఫోల్డరు కట్టి దాంట్లో దించేవాడు. తను చేసిన అన్నిటికన్నా పాత పాటను పాతదాంట్లో మొదటి నుంచి చివరి దాకా వినేవాడు, అదే పాటను కొత్తదాంట్లో మొదటి నుంచి చివరి దాకా వినేవాడు. రెండూ ఒకటేనని తేలితే, “సరే, దీన్నీ కాపురం చేయనీ” అనేవాడు. అప్పటికి మధ్యాహ్నం అయిపోయేది.

“పాతది తీసేయి సామన్నా, ఊకే జాగా తింటాండాది.”

“తిననీలే పాపా. అది సంపాదించిన జాగానే కదా.”

పక్క కొట్లో మేము పాత బిందెలను బండికెక్కిస్తుంటే, ఇక్కడ ఈయన పాతవాటిని వరసగా కూర్చోబెట్టి పోషిస్తున్నాడు. వ్యాపారం చేతకాని మనిషి అనుకున్నాను.

నిజంగానే చేతకాదు. సెల్‌ఫోన్లలో స్వరాలు ఒక్కొక్కటే నొక్కి రింగుటోను ఎక్కించుకునే రోజులవి. ఇదేదో బాగుందని సామన్న చేసిన చిన్న చిన్న పాటలు నేను ఫోన్లలోకి ఎక్కించి అమ్మడం మొదలుపెట్టాను. కుందుర్పి వైపు నుంచి ఒక నాయకుడు వచ్చాడు. పెద్ద సేద్యం, జీపు, వెనక నలుగురు. మీటింగులో ఫోను మోగితే అందరూ తిరిగి చూడాలన్నాడు. వినిపించాను. “ఇట్లాంటిది ఈ తాలూకాలో ఇంకెవురికీ ల్యా అన్నా, మీకోసమే తీసి పెట్టినాము” అన్నాను. ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడు సామన్న కుడి చెవి ముందుకు పెట్టి, “బాగలేదన్నా ఇది. మూడో వరసలో గొంతు కీచుమంటాండాది. రేపు రా, సరిచేసిస్తా” అన్నాడు. నాయకుడు జేబులోంచి చెయ్యి తీసి వెళ్ళిపోయాడు.

“సామన్నా! అమ్మేవాడే బాగలేదంటే కొనేవాడు ఏమనుకుంటాడు?”

“బాగలేదనుకుంటాడు.”

“అదే కదా నేను చెప్పేది!”

“బాగలేదు కదా పాపా.”

మర్నాడు నాయకుడు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. అదంతా నా మాటల మహిమేనని నేను చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను.

రింగుటోన్లు సామన్నకు ఆటవిడుపు. ఆయన అసలు పని ఉరుము. ఉరుము అంటే మా వైపు జాతరల్లో దేవర ముందు వాయించే వాద్యం. ఒక పక్క పుల్లతో కొడతారు, రెండో పక్క వంకర పుల్లతో రుద్దుతారు. రుద్దినప్పుడు చర్మం లోతుగా, కడుపులోంచి మూలిగినట్టు మూలుగుతుంది. పదిహేనేళ్ళు ఆ వాద్యం పక్కనే మైకు పట్టుకుని నిలబడ్డ మనిషి, గేము చిప్పుకున్న నాలుగు గొంతుల్లోంచే ఆ మూలుగు తీయాలని పట్టుబట్టాడు. లావు గొంతును కిందికి జార్చాడు, దాని మీద ‘ఇస్స్’ను సన్నగా కోసి పరిచాడు, అది చాలకపోతే ఇంకో డబ్బా, ఇంకో తీగ. ఎనిమిది నెలలు పట్టింది. చివరికి పదకొండు డబ్బాలను కట్టకట్టి ఒకే డబ్బాగా మూసి, దానికి ‘ఉరుము’ అని పేరు పెట్టాడు. ఆ వారమే రేడియో బాగుచేయించుకోవడానికి ఒక ఉరుముల ముసలాయన వచ్చాడు. పాట నడుస్తోంది. ఆయన చంకలో రేడియో అలాగే ఉంది, కుడి చేతి మణికట్టు మాత్రం తనంతట తానే ఆడుతోంది. “లోపల ఎవురప్పా వాయించేది?” అని కంప్యూటరు వెనకున్న గుడ్డ తెర తీసి చూశాడు. లోపల ఎవరూ లేరని చూసి కూడా కాసేపు నమ్మలేదు.

ఆ ఉరుముతో నాలుగేళ్ళలో పందొమ్మిది పాటలు చేశాడు. ఆయన తొందర ఎందుకో నాకు తెలుసు. అనంతపురం డాక్టరు చెప్పిన మాటను ఆయన నాకు రేడియో జబ్బు చెప్పినట్టే చెప్పాడు. “కుడి చెవి కూడా మెల్లగా పోతాదంట పాపా. ముందు సన్న శబ్దాలు, తర్వాత లావువి. దీనికి స్పేరు పార్టు దొరకదంట.” అంటే ఆ ఉరుము డబ్బాను ఇంకోసారి కట్టాలంటే కట్టగలిగిన చెవి ఆయనకు ఉండదు. అది నాకు తెలుసు. తెలిసే చేశాను ఆ పని. తెలివి ఎక్కువై చేశాను.

ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. పడగానే బజారు ఒక్క పూటలో ఖాళీ అయింది. మా జిల్లాలో వాన పడితే అంగళ్ళు, ఆఫీసులు, పెళ్ళిచూపులు అన్నీ ఆగిపోతాయి. తడి ఆరకముందే విత్తనం పడాలి. సామన్నకు కంబదూరు దగ్గర కొంచెం మెట్ట ఉంది. “శెనక్కాయ ఇత్తనం ఏసుకోని వస్తా పాపా” అని తాళంచెవి నా చేతిలో పెట్టి పోయాడు. ఆయన అటు పోగానే పత్రిక వచ్చింది, సీడీలో కొత్త వెర్షను వచ్చింది. ఈసారి చిన్న చిన్న మార్పులు కాదు, మొత్తం కొత్తగా కట్టారట. రంగులు, గుండ్రటి డబ్బాలు, మెరిసే తీగలు. అదే వారం సామాన్ల లోడు కోసం అనంతపురం పోతే ఒక కంప్యూటరు అంగడి ముందు బోర్డు కనిపించింది. పాత హార్డ్ డిస్కు తెచ్చి ఇవ్వండి, పెద్దది తీసుకుపోండి. మార్పిడి అన్న మాట చదివితే నా రక్తం ఆగదు. తిరిగి వచ్చి సామన్న డిస్కు విప్పి పట్టుకుపోయాను. అంగడి మస్తానన్నతో గంటసేపు వాదించి, ఒక మౌసుప్యాడు కూడా ఉచితంగా లాగాను. పాటలు పందొమ్మిదీ కొత్త డిస్కులోకి ఎక్కించుకున్నానా అని రెండుసార్లు చూసుకున్నాను. సామన్న అంగడికి వచ్చి కొత్త వెర్షను దించి ఒక పాట తెరిచాను. మొదట సన్న గొంతులు వచ్చాయి. బ్రహ్మాండం. అర నిమిషం విని ఆపేశాను. గిన్నెను గోటితో ఒకసారి మోగించి సంచిలో వేసే జాతి మాది, పాట ఆసాంతం ఎక్కడ వింటాం.

నాకు తట్టని సంగతి ఒకటుంది. పాట ఫైలులో స్వరాలుంటాయి, ఏ డబ్బా వాయించాలో దాని పేరు ఉంటుంది. డబ్బా మాత్రం ఉండదు. సామన్న కట్టిన డబ్బాలు పాత సాఫ్ట్‌వేరు ఫోల్డరులో వేరేగా ఉన్నాయి. వాటిని నేను డిస్కుతో సహా మార్పిడికి ఇచ్చేశాను.

ఎనిమిదో రోజు సామన్న వచ్చాడు. పంచె అంచుకు ఎర్రమట్టి. కుర్చీ తుడిచి కూర్చోబెట్టి పాట పెట్టాను. రంగులు చూసి “పెండ్లికూతురు మాదిరి చేసినావే” అన్నాడు. సన్న గొంతులు నడిచాయి, లావు గొంతు కలిసింది. ఉరుము రావాల్సిన చోటు వచ్చింది. స్క్రీను మీద వరసలు కిందికి జారుతున్నాయి, ఉరుము అంకెలు ఒక్కొక్కటే వెలిగి ఆరుతున్నాయి. సామన్న ముందుకు వంగాడు. కుడి చెవి స్పీకరుకు ఆనించాడు. శబ్దం పెంచే మీట చివరి దాకా తిప్పాడు.

“పాపా, ఉరుము మోగుతాండాదా?”

నేను స్క్రీను చూశాను. డబ్బాలన్నీ పచ్చగా ఉన్నాయి. ఒక్కటి బూడిదరంగులో, పేరు తప్ప లోపల ఏమీ లేకుండా ఉంది. జరిగిందేమిటో ఆ క్షణంలోనే తెలిసింది.

“మోగుతాండాది కదా? నాకే ఇనపడలేదా?” ఆయన నా వైపు చూడటం లేదు. స్పీకరు జాలీ వైపు చూస్తున్నాడు.

మోగలేదని చెప్పడానికి నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు. “రొంత తక్కువగా ఉండాది సామన్నా.”

ఒకరు వంద అంటే ఇంకొకరు పది అని, మధ్యలో ఎక్కడో కుదుర్చుకోవడం మా ఇంటి విద్య. నిజానికీ అబద్ధానికీ మధ్య కూడా అలాగే ఒక ధర కుదిర్చేశాను. సామన్న తల ఊపాడు. “సన్నవి ముందు పోతాయన్నాడే డాక్టరు. నాకు లావువే ముందు పోయినట్టుండాయి” అని కొంచెం నవ్వి కంప్యూటరు ఆపేశాడు. ఆ మధ్యాహ్నమంతా గోడ అవతల నుంచి ‘టింగ్… టింగ్’ అని వినపడుతూనే ఉంది. సందులోంచి చూశాను. టెస్టరుతో స్టీలు గ్లాసును కొడుతున్నాడు. చెవి దగ్గర ఒకసారి, చేయి చాచి ఒకసారి, బల్ల చివర పెట్టి ఒకసారి. ఎంత దూరం దాకా వినపడుతుందో చూసుకుంటున్నాడు. ఆ గ్లాసు నేనే అమ్మాను. నాయన పిలిచి “బిందె ధర చెప్పమ్మా” అంటే నాకు ధర గుర్తు రాలేదు.

మర్నాడు ఆయన షట్టరు ఎత్తే వేళకు మెట్టు మీద కూర్చుని ఉన్నాను.

“సామన్నా, ఉరుము మోగలేదు.”

“ఆఁ?” కుడి చెవి ముందుకు వచ్చింది.

“నిన్న ఉరుము మోగలేదు. నీ చెవి కాదు. నేనే పోగొట్టినా.” డిస్కు, మార్పిడి, మౌసుప్యాడు, అన్నీ చెప్పేశాను. ఆయన అదేమీ విన్నట్టు లేదు.

“నీకూ ఇనపడలేదా?”

“ల్యా.”

“రొంత కూడా?”

“రొంత కూడా ల్యా సామన్నా.”

సగం ఎత్తిన షట్టరు అలాగే వదిలేసి నా పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. తిడతాడని తల దించుకున్నాను. ఎదుటి టీ అంగడి వైపు చెయ్యెత్తి అరిచాడు. “యోవ్, నా చెవి బాగుండాదప్పా! రెండు టీలు తే!” టీ అంగడాయనకు ఏమీ అర్థం కాలేదు, అయినా టీలు తెచ్చాడు. సామన్న మొహం కడుక్కుని వచ్చినవాడిలా ఉన్నాడు. రాత్రి నుంచి అన్నం తినలేదని, ఇంట్లో ఎవరికీ చెప్పలేదని అప్పుడు చెప్పాడు. గ్లాసు సగం అయ్యాక హఠాత్తుగా ఆగాడు.

“పాపా, అయితే ఉరుము యాడికి పోయినట్టు?”

ఆ పొద్దే బస్సెక్కాం. దారి పొడుగునా నా ఎత్తు వివరించాను. “నువ్వు నోరు తెరవద్దు సామన్నా. అది మనకు కావల్లని తెలిసిందంటే మస్తానన్న మన తోలు తీస్తాడు. ముందు పాత మౌసులు అడుగుతా, తర్వాత కీబోర్డు చూస్తా, పోతా పోతా ఊకే అడిగినట్టు డిస్కు సంగతి అడుగుతా. నువ్వు విసుగ్గా వాకిట్లో నిలబడు.” సామన్న బుద్ధిగా తల ఊపాడు.

మస్తానన్న అంగడిలో బల్ల మీద డిస్కులు పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కదానికి చీటీ అంటించి ఉంది. నేను మౌసులు చూశాను, ఒకదాన్ని చూసి పెదవి విరిచాను, కీబోర్డు తిరగేశాను. “ఈ పాత డిస్కులు ఏం చేసుకుంటావన్నా?” అని ఆవలించినట్టు అడిగాను.

“లోపలిదంతా తుడిచేసి అమ్మేస్తాము మేడం.”

ఆవలింత మధ్యలోనే ఆగిపోయింది. వెనక నుంచి సామన్న వచ్చేశాడు. “అన్నా, నా పాటలు దాంట్లో ఉండాయి. నాలుగేండ్లు కూచోని చేసినా. చెవి పోతాండాది, మళ్ళా చేసేదానికి కాదు. తుడిచేసినావా?”

అయిపోయింది అనుకున్నాను. ఇంతకంటే మొత్తం విప్పి బల్ల మీద పరచడం ఎవరికీ సాధ్యం కాదు. మస్తానన్న చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. “గుర్తు లేదన్నా, చూడల్ల” అని పేర్చినవన్నీ దించడం మొదలుపెట్టాడు. పైవరస కాదు. రెండో వరస కాదు. అడుగున ఒకదాన్ని తీసి చీటీ చదివాడు. “కళ్యాణదుర్గం. ఇదేనా?” సామన్న చీటీ మీదికి వంగి చూశాడు. “తుడవలేదన్నా. మొన్నటి నుంచి ఈ వీధికి కరెంటు ల్యా, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినాది. లేకుంటే నిన్న పొద్దునకే అయిపోయుండు.” కరెంటు పోయిన ప్రతిసారీ నేను తిట్టని తిట్టు లేదు. ఆ రోజు ఆ కాలిన ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడుందో అడిగి టెంకాయ కొట్టి రావాలనిపించింది. అక్కడే ఉన్న అట్టపెట్టె మీద కూర్చున్నాను.

అలవాటు చొప్పున “ఎంతిమ్మంటావన్నా?” అన్నాను. మూడింతలైనా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను, ఒకటిన్నర దగ్గర మొదలుపెడదామనుకున్నాను. మస్తానన్న నన్ను చూడనే లేదు. డిస్కును సామన్న చేతిలో పెట్టి, “పాటలు నీవి, డిస్కు నాది. పాటలు తీసుకోని డిస్కు తెచ్చియ్యన్నా” అన్నాడు. నా ఎత్తులన్నీ ఎత్తులుగానే మిగిలిపోయాయి. తిరుగు బస్సులో సామన్న దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు.

పాత డిస్కును కొత్తదాని పక్కన తగిలించాం. పాత సాఫ్ట్‌వేరు తన ఫోల్డరులో అలాగే ఉంది. పాట తెరిచాడు. పచ్చటి డబ్బా. ఉరుము చోటు వచ్చింది, అంగడి రేకులు సన్నగా అదిరాయి. సామన్న నా వైపు తిరిగాడు.

“మోగుతాండాదా?”

“మోగుతాండాది.”

“రొంతనా?”

“నిండుగా సామన్నా.” ఇద్దరం నవ్వాం. నాకు కొంచెం ఏడుపు కూడా వచ్చింది, దుమ్ము మీద నెట్టేశాను.

తర్వాత మూడు వారాలు కూర్చుని ఆ ఉరుమును కొత్త వెర్షనులో మళ్ళీ కట్టాడు. పాతది మోగించి, కొత్తది మోగించి, ఒక్కొక్క తీగే సరిచూసుకుంటూ. “కొత్తది మంచిదే పాపా, దాని తప్పేం ల్యా. పాతది పక్కనుంటేనే కదా కొత్తదానికి ఏం కావల్లో తెలిసేది” అన్నాడు. అంతకుమించి నన్ను ఒక్క మాట అనలేదు. తాళంచెవి కూడా మునుపటిలాగే నా దగ్గరే పెట్టి పోయేవాడు.

చెవి డాక్టరు చెప్పిన వరసలోనే పోయింది. సన్న గొంతు ముందు మసకబారింది. వినపడనప్పుడు నన్ను పిలిచేవాడు. మొదట్లో ఏది వినిపించినా “బాగుండాది” అనేదాన్ని. “నన్ను కొనేవాడనుకోవద్దు పాపా, ఉండేది చెప్పు” అనేవాడు. ఉండేది చెప్పడానికి ముందు ఉండేది వినాలి. దగ్గర దగ్గరగా ఉన్న రెండు కూతలు వినిపించి ఏది పైన, ఏది కింద అని అడిగేవాడు. ఏడాది పాటు తప్పులే చెప్పాను. కీచు వేరు, గరగర వేరు, అర మెట్టు కిందుండటం వేరు అని మెల్లగా పట్టుబడింది. అలా ఆయనకు పోయిన చెవి కొంత నాకు వచ్చింది.

ఆయన చేసిన చివరి పాట రెండున్నర నిమిషాలు. ఆ పాటికి పై గొంతు ఆయనకు అసలు వినపడదు. స్వరాలు చూసి రాసుకుంటూ, ఉరుమును మాత్రం స్పీకరు పెట్టె మీద వేళ్ళు ఆనించి పట్టుకునేవాడు. పాట పూర్తయిన రోజు పిలిచాడు. పెళ్ళిళ్ళ కాలం, మా కొట్టు నిండా జనం, నాయన గోడ అవతల నుంచి కేకలేస్తున్నాడు. విన్నాను. బాగుంది. చాలా బాగుంది. ఒకచోట మాత్రం, ఉరుము అందుకునే ముందు, పై గొంతు వెంట్రుకవాసి ఎక్కువసేపు నిలబడి కింది గొంతును రాసుకుంటోంది. ఎవరికీ తెలియదు. ఆయనకు ఎన్నటికీ తెలియదు. బాగుండాదని లేచి పోవచ్చు.

“ఒకచోట తగులుతాండాది సామన్నా.”

“యాడ?”

వరస మీద వేలు పెట్టాను. ఆయన ఆ గొంతు ఆగే గుర్తును ఒక గడి పైకి జరిపి మళ్ళీ వేశాడు. నాయన ఇంకోసారి కేకేశాడు. నేను చివరిదాకా విన్నాను.

“ఇప్పుడు?”

“ఇప్పుడు సరిపోయినాది.”

నిజమా అని అడగలేదు. నా మొహం చూడలేదు. ఇంకోసారి వినమనలేదు. పాటను భద్రం చేసి, కంప్యూటరు ఆపి, “పో పాపా, శెట్టి పిలుస్తాండాడు” అన్నాడు.

మా వ్యాపారంలో ఎవరూ చెప్పిన మొదటి మాటకు సరేననరు. నేను నోరు తెరిస్తే అందులో సగం తీసేసి వినడం ఈ బజారుకంతా అలవాటు. ఆ రోజు గోడ ఇవతలికి వచ్చి బిందెలు తూచాను గానీ, ఎవరితో ఏం బేరం చేశానో గుర్తు లేదు. నా మాటను ఒక మనిషి తగ్గించకుండా తీసుకున్నాడన్నదే తలలో తిరుగుతోంది. భుజాల మీంచి బరువు దించుకున్నట్టు అంత తేలిగ్గా అంతకుముందెప్పుడూ లేను.

నేను మారిపోయానని చెబితే మీరు సగం తీసేసి వినండి, బేరం ఇప్పటికీ చేస్తాను. అయితే గిన్నె చేతిలో తిప్పుతూ ఎవరైనా “ఇది ఎన్నేండ్లు వస్తాదమ్మా?” అని నిజంగా తెలుసుకోవడానికి అడిగితే, నాలుక మీదికి వచ్చిన పదేళ్ళను మింగి, “మూడేండ్లు, గట్టిగా తోమితే అదీ రాదు” అంటాను. చాలామంది ఇదేదో కొత్త మాయ అనుకుని పక్క కొట్టుకు పోతారు. ఎప్పుడో ఒకరు నా మొహం చూడకుండా “సరే, కట్టియ్యమ్మా” అంటారు.